ఆగుడు మాస్టర్ శ్యాంసుందర్

శ్యాంసుందర్ మాస్టర్‌కి ఆగడమంటే ప్రాణం.

లోకంలో చాలామందికి నడవడం ఒక పని, ఆగడం ఆ పనికి విశ్రాంతి. మాస్టర్ దగ్గర ఈ లెక్క తిరగబడింది. ఆయనకి ఆగడమే పని. ఒకచోట ఆగాక ఇంకోచోట ఆగాలంటే మధ్యలో కొంత దూరం ఉంటుంది కాబట్టి, తప్పక నడుస్తాడు. గల్లీ మలుపు వచ్చిందా, ఇక అంతే. సైకిల్ మీద ఉన్నా, సైకిల్ని తోసుకుంటూ వెళ్తున్నా, అసలు చేతిలో సైకిలే లేకపోయినా సరే, ఎడమ కాలు నేలకి ఆనిస్తాడు. నడిచే మనిషి కాలు నేలమీదే ఉంటుంది కదా అని అడగకండి. ఆయన ఒకసారి పైకెత్తి మళ్లీ ఆనిస్తాడు. తర్వాత కుడివైపు చూస్తాడు, ఎడమవైపు చూస్తాడు, మళ్లీ కుడివైపు చూస్తాడు. తనకి తృప్తి కలిగేదాకా అలాగే నిలబడి, అప్పుడు కదులుతాడు.

ఒకసారి పంజాగుట్టలో ఒక అపార్టుమెంటుకి కుట్టిన బట్టలు ఇవ్వడానికి వెళ్లాడు. నాలుగో అంతస్తులో లిఫ్టు తలుపు తెరుచుకుంది. బయటికి రావాల్సిన మనిషి లోపలే ఆగి కుడి, ఎడమ, కుడి చూశాడు. తలుపు మూసుకుంది. కిందికి వెళ్లాడు, మళ్లీ పైకొచ్చాడు, మళ్లీ ఆగాడు. మూడో ట్రిప్పులో వాచ్‌మన్ చెయ్యి పట్టుకుని లాగితే బయటపడ్డాడు.

ఇంకోసారి అమీర్‌పేట మెట్రో స్టేషన్లో, ఉదయం తొమ్మిదిన్నరకి, మలుపు దగ్గర ఆగాడు. ఆ వేళకి ఆ స్టేషన్లో ఒక మనిషి ఆగితే ఏమవుతుందో అమీర్‌పేట తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. కోచింగ్ క్లాసుకి పరిగెడుతున్న కుర్రాడు ఆయన్ని గుద్దుకున్నాడు. ఆ కుర్రాణ్ణి వెనకవాడు, వాణ్ణి ఇంకా వెనకవాడు గుద్దుకున్నారు.

"ఏంది అంకుల్! బ్రేక్ లైట్ లేదా మీకు?" అని అరిచాడు మొదటివాడు.

మాస్టర్ దాన్ని తిట్టు అనుకోలేదు, సలహా అనుకున్నాడు. మర్నాటి నుంచి ఆయన చొక్కాలన్నిటికీ వెనక, కాలర్ కింద, లైటు పడితే మెరిసే ఎర్రగుడ్డ ముక్క వచ్చింది. చుట్టూ చక్కగా జిగ్‌జాగ్ కుట్టు కూడా వేసుకున్నాడు.

బోరబండలో మేనల్లుడి గృహప్రవేశం సంగతైతే బంధువులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆవుని ఇంట్లోకి నడిపించే గౌరవం మేనమామకి ఇచ్చారు. గుమ్మం దగ్గరికి రాగానే మేనమామ ఆగాడు. ఆవుకి ఆ శిక్షణ లేదు. వెనకనుంచి తలతో ఒక్క తోపు తోసింది. కుడికాలు పెట్టి లోపలికి రావాల్సిన మనిషి రెండు చేతులూ పెట్టి వచ్చాడు. దోషమేమీ లేదని ఇంటివాళ్లకి నచ్చజెప్పడానికి పంతులుగారికి పావుగంట పట్టింది.

ఇంతకీ మాస్టర్ అంటే టైలర్ మాస్టర్. సిరిసిల్లలో మగ్గం నేసిన కుటుంబం నుంచి వచ్చి, అమీర్‌పేటలో మైత్రీవనం బిల్డింగ్ వెనక ఒక గల్లీలో మార్కండేయ టైలర్స్ పెట్టి ముప్పై ఏళ్లయింది. మగవాళ్ల బట్టలు ఆయనవి, ఆడవాళ్ల బట్టలు ఆయన భార్య ప్రమోదవి. సాయంత్రం ఐదు నుంచి ఆరు వరకు మాత్రం కత్తెర పక్కన పెట్టి, షాపు పక్కన, అటు చివర దారి లేని బందు గల్లీలో చుట్టుపక్కల పిల్లలకి సైకిల్ నేర్పుతాడు. ఫీజు లేదు. మోకాళ్ల దగ్గర చిరిగిన ప్యాంట్లు మాత్రం ఆయన దగ్గరే కుట్టించుకోవాలి.

మంజూషకి ఆయన దొరకడం అలాగే దొరికాడు, కూతురు రవళి స్కూలు స్కర్టు అంచు విప్పించడానికి వెళ్లినప్పుడు.

మంజూషది భీమవరం. భర్త వివేక్ సాఫ్ట్‌వేర్, కాపురం శ్రీనగర్ కాలనీలో. ఆమె అమీర్‌పేటలో ఒక ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. ఫిజిక్స్ చదివిన తల్లికి మామూలు తల్లికంటే భయం ఎక్కువ. మామూలు తల్లి "పడిపోతావే" అని ఊరుకుంటుంది. మంజూషకి ఎంత వేగంతో పడుతుందో కూడా తెలుసు. రవళికి సైకిల్ కొనడానికి రెండు నెలల ముందే హెల్మెట్ కొంది. ఆ రెండు నెలలూ పిల్ల హెల్మెట్ పెట్టుకుని ఉయ్యాల ఊగింది. ఎనిమిదో పుట్టినరోజుకి కొన్న సైకిల్ ఏమో బాల్కనీలో నిలబడి, తువ్వాళ్లు ఆరేసుకోవడానికి పనికొస్తోంది.

"గంటకి పన్నెండు కిలోమీటర్లంటే సెకనుకి మూడు మీటర్ల పైమాట," అనేది మంజూష. "ఎదురుగా కుక్క వచ్చిందనుకోండి. ఇది చూసి, భయపడి, బ్రేకు ఎక్కడుందో గుర్తు తెచ్చుకునేసరికి మూడు మీటర్లు అయిపోతుంది. కుక్క రెండు మీటర్లలోనే ఉంటే?"

"కుక్క పారిపోతుంది," అనేవాడు వివేక్.

అలా బాల్కనీలోనే ఉండిపోయేదేమో ఆ సైకిల్. కానీ కాలనీవాళ్లు నెలాఖరు ఆదివారం పిల్లల రైడ్ పెట్టారు. పొద్దున ఆరింటికి శ్రీనగర్ కాలనీలో బయల్దేరి, పంజాగుట్ట మీదుగా అమీర్‌పేట వెళ్లి, మళ్లీ వెనక్కి రావాలి. ఎనిమిదేళ్లు నిండాలి, వెంట ఇంట్లోవాళ్లు ఒకరు సైకిల్ మీద ఉండాలి. రవళి క్లాసులో సగంమంది పేర్లిచ్చేశారు. రవళి అన్నం మానలేదు, ఏడవలేదు. రోజూ హెల్మెట్ పెట్టుకుని వచ్చి బాల్కనీలో సైకిల్ పక్కన కూర్చునేది. అది ఏడవడంకంటే కష్టంగా ఉంది చూడ్డానికి.

సరిగ్గా ఆ రోజుల్లో మార్కండేయ టైలర్స్ మెట్ల మీద నిలబడ్డ మంజూషకి, ఒక యాభై ఎనిమిదేళ్ల మనిషి తన షాపులోకి తానే వస్తూ గడప ముందు ఆగి, కుడి, ఎడమ, కుడి చూసుకోవడం కనిపించింది. ఇంకెవరైనా అయితే నవ్వేవాళ్లు. మంజూషకి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. ఇన్నాళ్లకి హైదరాబాదులో తనలాంటి మనిషి ఇంకొకరున్నారు!

"మాస్టారూ, మా పాపకి సైకిల్ నేర్పుతారా?"

"నేర్పుత మేడం. గని తొక్కుడు నేర్ప."

"మరేం నేర్పుతారండీ?"

"ఆగుడు. పోవుడు ఎవనికైనా వస్తది. మిషన్ సుత అందరు తొక్కుతరు. గుండుసూది కాడ ఆపుడు వచ్చినోడే టైలర్."

మంజూష ఆ మాటకి అక్కడే పడిపోయింది. ఒక షరతు కూడా పెట్టుకుంది. ట్రయల్ చూసి సరిపోయిన చొక్కా మీద మాస్టర్ సుద్దతో ఒక టిక్కు పెడతాడు. సైకిల్ వచ్చిన పిల్లల హెల్మెట్ మీద కూడా అదే టిక్కు. ఆ టిక్కు పడితే రవళి రైడ్‌కి వెళ్తుంది, పడకపోతే లేదు. నెలాఖరుకి ఇరవై రోజులుంది.

మొదటి వారం మాస్టర్ పానా తెచ్చి సైకిల్ పెడళ్లు విప్పేశాడు. సీటు కిందికి దించాడు. రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనాయి.

"తాతా, పెడళ్లు లేకపోతే ఎలా తొక్కాలి?" అంది రవళి.

"తొక్కద్దు. కాళ్లతోని తోసుకుంట పో. గీత కాడ ఆగు."

నేలమీద సుద్దగీత గీశాడు. ముందుచక్రం దాని మీద ఆగాలి. జానెడు దాటినా ఒప్పుకోడు, జానెడు ముందే ఆగినా ఒప్పుకోడు. నడుము కొలత రెండంగుళాలు తేడా వస్తే ప్యాంటు ఉంటుందా అంటాడు.

"రెండు బ్రేకులు కలిపి మెల్లగ పిసుకు. ముందు బ్రేకు ఒక్కటే గుంజినవనుకో, సైకిల్ ఆగుతది, నువ్వు పోతవ్!"

మంజూష ఆ వాక్యాన్ని మర్నాడు కాలేజీలో జడత్వం పాఠానికి వాడుకుంది. పిల్లలు మొదటిసారి ఆ పాఠానికి చప్పట్లు కొట్టారు.

రెండో వారం పెడళ్లు వచ్చాయి. వాటితోపాటు పాఠాలూ వచ్చాయి. "గుంత దిక్కు చూస్తే గుంతలకే పోతవ్ బిడ్డా, పక్కన సందు దిక్కు చూడు." "నిలబడ్డ కారు పక్కకెళ్లి పోతే ఒక తలుపంత జాగ ఇడువు. ఎప్పుడు తలుపు తీస్తడో ఆ కారోనికే తెల్వదు." "చెయ్యి చాపినంక తిరుగు, తిరిగినంక చెయ్యి చాపకు." హెల్మెట్ కనుబొమలకి రెండువేళ్ల పైన ఉండాలి. పట్టీ కింద ఒక వేలు పట్టాలి, మూడు పట్టకూడదు. టేపుతో కొలిచి మరీ చూస్తాడు. ఒకసారి మంజూష తల కూడా కొలిచాడు.

"నాకెందుకు మాస్టారూ?"

"పనికొస్తది మేడం."

మొదటి ట్రయల్లో రవళి గీత దాటింది. రెండో ట్రయల్లో గుంత దిక్కు చూసింది, గుంతలోకే పోయింది. మూడో ట్రయల్ చూసి మంజూషకి కళ్లు చెమర్చాయి. పిల్ల బందు గల్లీ చివరిదాకా నిటారుగా వెళ్లి, చెయ్యి చాపి, తిరిగి, సరిగ్గా గీత మీద ఆగి, ఎడమ కాలు ఆనించి, కుడి, ఎడమ, కుడి చూసింది. మాస్టర్ చెవి వెనక నుంచి సుద్ద తీశాడు. హెల్మెట్ దాకా తెచ్చాడు. అక్కడ ఆయన చెయ్యి కూడా ఆగింది.

"అన్నీ మంచిగ జేసినవ్. ఒక్కటి మర్చినవ్."

"ఏంటి తాతా?"

"నీకే ఎర్కైతది." సుద్ద మళ్లీ చెవి వెనకకి వెళ్లిపోయింది.

మంజూష ఎంత బతిమాలినా చెప్పలేదు. ఆదివారానికి ఆరు రోజులే ఉంది. సమాధానం తెలియని ప్రశ్న మంజూషకి పడదు. సైన్సు మనిషి కాబట్టి ఫోన్లో స్టాప్‌వాచ్ తీసింది.

క్లాసయ్యాక మాస్టర్ రోజూ పంజాగుట్టలో ఒక బట్టల షాపుకి కుట్టిన జాకెట్లు ఇవ్వడానికి వెళ్తాడు. సైకిల్ క్యారియర్‌కి మూట కట్టి, దాన్ని తోసుకుంటూ ముందు నడుస్తాడు. ఇరవైరెండేళ్లుగా మార్కండేయ టైలర్స్‌లో హుక్కులూ కాజాలూ కుట్టే కొమురమ్మ చిన్న సంచీ పట్టుకుని వెనక నడుస్తుంది. బోరబండ నుంచి పొద్దున్నే బస్సులో వస్తుంది. అరవై ఐదేళ్లు దాటాయి, నోరు మాత్రం ఇరవై ఐదు దగ్గరే ఆగింది. ఎన్ని జాకెట్లు తెచ్చారో షాపువాళ్లకి లెక్క ఒప్పజెప్పడం ఆమె పని. ఆ పని మాస్టర్‌కి ఇవ్వదు. మంజూష, రవళి ఇంటికి వెళ్లే దారీ అదే కాబట్టి నలుగురూ కలిసే బయల్దేరేవారు. గల్లీల్లోంచి తొమ్మిది మలుపులు.

మంజూష ప్రతి మలుపులో మాస్టర్ ఎంతసేపు ఆగాడో రాసుకుంది. మూడు రోజుల లెక్క చూస్తే తల తిరిగింది. బస్సులూ ఆటోలూ తోసుకొచ్చే పెద్ద మలుపులో తొమ్మిది సెకన్లు. ఎవరూ లేని సందులో నలభై. నాలుగు మెట్లు దిగి రావాల్సిన చోట ఏకంగా యాభై.

"మాస్టారూ, ఇక్కడెవరూ లేరుగా? ఇంతసేపు ఎందుకండీ ఆగారు?"

"ట్రాఫిక్ మేడం."

"పిల్లి తప్ప ఏమీ లేదండీ!"

"పిల్లి సుత ట్రాఫిక్కే," అన్నాడాయన, గోడ మీద నిద్రపోతున్న పిల్లిని అనుమానంగా చూస్తూ. "మస్తు ట్రాఫిక్."

నాలుగో రోజు కాలేజీలో మీటింగు పెట్టడంతో మంజూష క్లాసుకి పోలేదు. ఆటోలో ఇంటికి వస్తుంటే పక్కనుంచి ఏదో రయ్యిమని దూసుకుపోయింది. చొక్కా వెనక ఎర్రగా మెరిసింది. కాలర్ కింద, జిగ్‌జాగ్ కుట్టుతో.

"అన్నా, ఆ సైకిల్ వెనకే పోనీ!" అంది మంజూష.

"ఏ, పట్టుకోలేం మేడం," అన్నాడు ఆటో అతను.

శ్యాంసుందర్ మాస్టర్ పంజాగుట్ట వైపు బాణంలా పోతున్నాడు. గుంతల మధ్య సందులు చూసుకుంటూ, కార్లకి తలుపంత జాగా వదులుతూ, చెయ్యి చాపి తిరుగుతూ, మలుపుల్లో ఆగుతూ పోతున్నాడు. ఆగుతున్నాడు, నిజమే. కానీ రెండేసి సెకన్లు! కుడి, ఎడమ, కుడి, రయ్యి.

మంజూషకి ఒళ్లు మండింది. నా పిల్ల చేత పదిహేడు రోజులుగా గీతల మీద నిలబడే పని చేయిస్తూ, పిల్లికి నలభై సెకన్లు ఆగే మనిషి, ఎవరూ చూడనప్పుడు ఇలా పోతాడా? మర్నాడు పొద్దున్నే షాపుకి వెళ్లింది. మాస్టర్ లేడు. ప్రమోద జాకెట్టు చేతులు కత్తిరిస్తోంది.

"నిన్న మాస్టారు సైకిల్ తొక్కుతుంటే చూశానండీ. రాకెట్టే!"

ప్రమోద నవ్వింది. "ఆయన గంతే మేడం. మొదట్ల గిట్ల ఆగుడు లేకుండె. సిరిసిల్ల పోటీలల్ల ఫస్టు వస్తుండె. గీ పదేండ్ల సందే గీ రోగం. నిన్న కొమురక్క రాలే, ఊర్ల పెండ్లికి పోయింది. గందుకే జల్ది పోయి ఇచ్చొచ్చిండు."

మంజూష బుర్రలో తొమ్మిది మలుపులూ, మూడు రోజుల అంకెలూ వరసగా నిలబడ్డాయి. నాలుగు మెట్లు దిగేచోట యాభై సెకన్లు. చదునుగా ఉన్న పెద్ద రోడ్డు దగ్గర తొమ్మిది. కొమురమ్మ లేని రోజు రెండు. తను ఇన్నాళ్లూ ట్రాఫిక్‌ని కొలిచింది. కొలవాల్సింది ట్రాఫిక్‌ని కాదు.

అయినా ఊహ ఊహే, ప్రయోగం ప్రయోగమే. ఆ సాయంత్రం కొమురమ్మ వచ్చింది. మళ్లీ నలుగురూ బయల్దేరారు. ఐదో మలుపుకి ముప్పై అడుగుల ముందు మంజూష కొమురమ్మని ఆపింది.

"కొమురమ్మగారూ, మీరు కుట్టిన హుక్కులు ఎప్పుడూ ఊడవంట. ఎలా కుడతారండీ?"

ఇరవైరెండేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న అది. కొమురమ్మ సంచీ కింద పెట్టింది. దారం ఎన్ని పోగులు తీసుకోవాలో, ముడి ఎక్కడ దాచాలో, ఈ కాలం పిల్లలు ఎక్కడ మోసం చేస్తారో చేతులు తిప్పుతూ చెప్పడం మొదలుపెట్టింది. మంజూష తల ఊపుతూ, ఓరకంట మలుపు వైపు చూసింది.

మాస్టర్ ఆగాడు. కుడి, ఎడమ, కుడి. తర్వాత, ఇన్నాళ్లూ మంజూష గమనించనిది, మూట సర్దుకుంటున్నట్టు వంగి, చంక కిందినుంచి వెనక్కి ఒక చూపు. మళ్లీ కుడి, ఎడమ, కుడి. మళ్లీ మూట. నిమిషం గడిచింది. ఆయన తల టేబుల్ ఫ్యానులా తిరుగుతూనే ఉంది. ఒక స్కూటర్ వచ్చింది, ఈయన దాటుతాడేమోనని ఆగింది. దాని వెనక ఆటో ఆగింది. ఎదురుగా కూరగాయల బండి ఆగింది.

"చాచా, పోతవా, పోవా?" అన్నాడు ఆటో అతను.

"మీరు పోండ్రి."

"ముందు నువ్వు పో. నువ్వు అడ్డం రావని ఎట్ల నమ్మాలె?"

అటు మూడు, ఇటు నాలుగు బండ్లు చేరాయి. హారన్లు మొదలయ్యాయి. అప్పటిదాకా లేని ట్రాఫిక్ నిజంగానే వచ్చింది. కొమురమ్మ హుక్కుల పాఠం ముగించి, సంచీ ఎత్తుకుని, నెమ్మదిగా మలుపు చేరేదాకా శ్యాంసుందర్ మాస్టర్ కదల్లేదు. మంజూష స్టాప్‌వాచ్ ఆపింది. మూడు నిమిషాల పన్నెండు సెకన్లు. ప్రయోగం విజయవంతం.

ఆవిడని ముందు నడవనిచ్చి, మంజూష మాస్టర్ పక్కకి చేరి మెల్లగా అంది. "మాస్టారూ, మీరు కొమురమ్మగారి కోసం ఆగుతున్నారు కదూ? ఆవిడ మోకాళ్ల కోసం?"

మాస్టర్ మొహం గంభీరంగా పెట్టాడు. "ఏ మోకాళ్లు మేడం? ట్రాఫిక్ చూస్తలేరా?"

తర్వాత అసలు సంగతి ప్రమోద చెప్పింది. పదేళ్ల కింద కొమురమ్మకి మోకాళ్ల నొప్పులు మొదలైనప్పుడు, "అక్కా, నువ్వు ఆటోల పో" అన్నాడట మాస్టర్. "నేను ముసల్దాన్నైన అంటున్నవా?" అని కొమురమ్మ కత్తెర బల్ల మీద పడేసి వెళ్లిపోయి నాలుగు రోజులు పనిలోకి రాలేదు. మాస్టర్ బోరబండ వెళ్లి, ఆటో అనే మాట ఇంకెప్పుడూ ఎత్తనని ఒప్పుకుని తీసుకొచ్చాడు. ఆ మర్నాటి నుంచే ఆయనకి రోడ్డు భద్రత మీద ఇంత భక్తి పుట్టింది. ఒక్క ఆ దారిలో ఆగితే అక్కకి అనుమానం వస్తుందని, లిఫ్టుల్లో, మెట్రోలో, ఆవు ముందు కూడా ఆగడం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఎక్కడ నిజం, ఎక్కడ అలవాటు, ఆయనకే తెలియదు.

కొమురమ్మకి ఇదంతా తెలుసా? మంజూషకి ఉండబట్టలేదు. శనివారం సాయంత్రం దారిలో ఆవిడ పక్కన నడుస్తూ కదిపింది. "మాస్టారు ప్రతి మలుపులో ఎందుకు ఆగుతారంటారూ?"

కొమురమ్మ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది. "ఎవలకు చెప్పకు బిడ్డా. గాయనకు రోడ్డు దాటుడంటే మస్తు భయం. పదేండ్ల సంది చూస్తున్న. ఒక్కన్ని ఇడిస్తే గాడనే నిలబడి ఉంటడు, ఇల్లు చేరడు. నేను జల్ది నడువగల్గుత. గని నేను ముందట పోతే పాపం మొగోనికి ఇజ్జత్ పోతది కద? గందుకే మెల్లగ ఎనుక నడుస్త."

మంజూష నవ్వు ఆపుకోవడానికి దుపట్టా నోట్లో కుక్కుకోవాల్సి వచ్చింది. ముందు మలుపులో మాస్టర్ కుడి, ఎడమ, కుడి చూస్తూ మూట సర్దుతున్నాడు. ఆయన కోసం కొమురమ్మ ఇంకాస్త నెమ్మదించింది. ఆవిడ నెమ్మదించిందని ఆయన ఇంకాసేపు ఆగాడు. భౌతికశాస్త్రం ప్రకారం ఈ ఇద్దరూ అసలు పంజాగుట్ట చేరకూడదు.

రవళి మర్చిపోయిన ఆ ఒక్కటి ఏమిటో మంజూషకి ఇప్పుడు అర్థమైంది. హెల్మెట్ మీద మాత్రం టిక్కు లేదు. పొద్దున్నే రైడు.

"వెనక్కి చూడమని దానికి చెప్పేయొచ్చుగా?" అన్నాడు వివేక్.

"పరీక్షలో జవాబు చెప్పేసి మార్కులు వేసుకోమంటారా?" అంది మంజూష. కాసేపు గోళ్లు కొరికి, "రేపు వెంట మీరు కాదు, నేను వెళ్తాను," అంది.

వివేక్ భయపడ్డాడు. "నువ్వు సైకిల్ ఎక్కి ఎన్నేళ్లయింది?"

"పద్దెనిమిది. ఇంట్లో కూర్చుని భయపడేకంటే వెనకాలే ఉండి భయపడటం నయం కదా. మీ సైకిల్ సీటు దించండి."

టిక్కు లేకుండా పంపడం తన షరతుకి తానే తూట్లు పొడవడమని మంజూషకి తెలుసు. కానీ ఆ పిల్ల మళ్లీ బాల్కనీలో హెల్మెట్ పెట్టుకుని కూర్చోవడం చూడాలంటే, పంపడానికంటే ఎక్కువ ధైర్యం కావాలి.

ఆదివారం ఆరింటికి ఇరవైమంది పిల్లలు గలగలమంటూ బయల్దేరారు. శ్రీనగర్ కాలనీలో మంజూష సైకిల్ పాములా మెలికలు తిరిగింది. పంజాగుట్ట చేరేసరికి కొంచెం సర్దుకుంది, ఊపిరి మాత్రం అందడం లేదు. దుపట్టా ఇంట్లోనే వదిలేసి రావడం ఒక్కటే తను చేసిన తెలివైన పని. అమీర్‌పేట వైపు తిరిగేసరికి మిగతా పిల్లలు ముందుకెళ్లిపోయారు. రవళి ఎర్ర హెల్మెట్ చిన్నదై, ఇంకా చిన్నదై, మలుపు దగ్గర కనబడకుండా పోబోతోంది. పిలుద్దామంటే గాలి లేదు.

ఎర్ర హెల్మెట్ మలుపులో ఆగింది.

ఎడమ కాలు నేలకి ఆనింది. కుడి, ఎడమ, కుడి. రోడ్డు ఖాళీ. ఆదివారం పొద్దున మెట్రో పిల్లర్ల కింద పావురాలు తప్ప ఏమీ లేవు. తోటి పిల్లలు "రా, రా" అని అరుస్తున్నారు. రవళి వంగి, లేసు సర్దుకుంటున్నట్టు, చంక కిందినుంచి వెనక్కి ఒక చూపు చూసింది. ఆ పిల్ల చెప్పులకి లేసులే లేవు.

అదే మలుపులో, పిల్లల్ని చూడటానికి వచ్చిన శ్యాంసుందర్ మాస్టర్ నిలబడి ఉన్నాడు. పక్కన ప్రమోద. కొమురమ్మకి ఆదివారం సెలవు, అయినా మాస్టర్‌ని ఒక్కణ్ణి రోడ్డు మీద వదలడం ఇష్టంలేక బోరబండ నుంచి వచ్చింది.

మంజూష రొప్పుతూ, ఊగుతూ, ఎట్టకేలకి మలుపు చేరి కాలు కింద పెట్టింది.

మాస్టర్ రవళిని అడిగాడు. "ఏం బిడ్డా, రోడ్డంత ఖాళీ ఉంది. గింతసేపు ఎందుకు ఆగినవ్?"

రవళి అమ్మ వైపు చూసింది. చెమటలు కారుతున్న మొహం, వణుకుతున్న మోకాళ్లు. తర్వాత మాస్టర్ వైపు తిరిగి, మొహం గంభీరంగా పెట్టి చెప్పింది.

"ట్రాఫిక్, తాతా. మస్తు ట్రాఫిక్."

మాస్టర్ చెవి వెనక సుద్ద తీసి, ఎర్ర హెల్మెట్ మీద, ఈసారి ఎక్కడా ఆగకుండా, ఇంత పెద్ద టిక్కు పెట్టాడు. రవళి కేక వేసుకుంటూ ముందుకు పోయింది, తర్వాతి మలుపులో ఆగడానికి.

మంజూష పెడల్ మీద కాలు పెడుతుంటే కొమురమ్మ దగ్గరికి వచ్చి, చెవిలో జాలిగా చెప్పింది.

"చూసినవా? పాపం, నీ బిడ్డకు సుత రోడ్డంటే భయం. నువ్వు జర మెల్లగ తొక్కు."

మంజూష మెల్లగానే తొక్కింది. ఇంకోలా తొక్కడం ఎలాగూ ఆమె వల్ల కాదు.